జోహరా? జోహారా?

సందేహం: యూదుల మార్మిక గ్రంథం ఒకదాని పేరు ‘జోహార్’ అని ఒక వ్యాసంలో చదివాను. అమరవీరులకు మనం చెప్పే జోహారూ ఇదీ ఒకటేనా? తెలుగులో ఎలా రాయాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: ఒకటి కాదమ్మా. చెవికి చుట్టాల్లా వినిపించేవన్నీ ఒకే ఇంటి మాటలు కావు.

మన జోహారు వందనం. ఝార్ఖండ్ ఆదివాసులు ఎదురుపడితే నేటికీ ఆ మాటతోనే పలకరించుకుంటారు. 14వ శతాబ్దంలో మరాఠీ భక్తకవి చోఖామేళా ‘జోహార్ మాయబాప్ జోహార్’ అని పండరి విఠలుడికి మొక్కాడు. గుడి గడప దాటనివ్వని కులంలో పుట్టినవాడు బయట నిలబడి పెట్టిన దండం అది! మనవాళ్లేమో దాన్ని సంతాప సభలకు కట్టేశారు. బతికున్నవారికి జోహారంటే ఉలిక్కిపడే రోజులివి.

ఇక ఆ గ్రంథం పేరు హీబ్రూ మాట, అర్థం కాంతి. బుద్ధిమంతులు ఆకాశమండలపు కాంతిలా ప్రకాశిస్తారని దానియేలు గ్రంథంలో (12:3) ఉంది కదా, అక్కడి ‘కాంతి’కి మూలంలో ఉన్నది ఈ మాటే. అరబ్బీలోనూ ఇదే ధాతువు. శుక్రగ్రహానికి వాళ్ల పేరు జుహ్రా. కైరోలోని అల్ అజ్‌హర్ విశ్వవిద్యాలయం పేరులోనూ ఆ వెలుగే. హైదరాబాదులో ఆడపిల్లలకు పెట్టే జోహ్రా ఉందే, ఈ గ్రంథానికి అసలు చుట్టం ఆ అమ్మాయి!

గ్రంథం చాలావరకు హీబ్రూకు చుట్టమైన అరామిక్ అనే పాత భాషలో ఉంది. 13వ శతాబ్దం చివర స్పెయిన్‌లోని కాస్టీల్‌లో బయటికొచ్చింది. సంప్రదాయం 2వ శతాబ్దపు యూదు గురువు షిమోన్ బార్ యోహాయ్‌ని కర్తగా చెబితే, ఆధునిక పండితులు ఎక్కువగా 1305లో పోయిన స్పెయిన్ యూదు రచయిత మోషే దె లెయోన్ వైపు వేలు చూపిస్తారు.

ఉచ్చారణకు వద్దాం. ఆ తొలి ధ్వని, ఇంగ్లిష్ z లాంటిది, మనకు లేదు. దగ్గరగా వచ్చేది జొన్నలో, జోలెలో ఉన్న దంత్య జకారం. పాత నిఘంటువులు దాన్ని ౙ అని శ్రద్ధగా గుర్తుపెట్టి చూపేవి. అచ్చువాళ్లు ఆ గుర్తు ఎగరగొట్టారు, బళ్లు పట్టించుకోలేదు. ఇప్పుడు పిల్లలు జొన్నను కూడా జీడిపప్పులోని జ తోనే పలుకుతుంటే నా పళ్లు జివ్వుమంటాయి.

హీబ్రూలో ఊనిక మొదటి అక్షరం మీద, రెండోది పొట్టి. అందుకని ‘జోహర్’ మేలు. అలాగని, అలవాటైన నోరు దీర్ఘం తీస్తే కొట్టేయమని చెప్పలేను. ‘ౙోహర్’ అని రాస్తే నాకు మరీ సంతోషం. మీ ఫోనులో ఆ అక్షరం దొరుకుతుందేమో వెతుక్కోండి.