క్యుల్మ అంటే చల్లనేనా?

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన ఫిన్నిష్ కథ అనువాదం రాత్రి కూర్చుని మొత్తం చదివాను. వాక్యం హాయిగా నడిచింది. ఒక్క చోట ఆగిపోయాను. అత్తగారి గురించి కోడలు ‘ఆవిడ చల్లని మనిషి’ అంటుంది. మూలంలో ఉన్నది క్యుల్మ. నిఘంటువులో చల్లని అనే ఉంటుంది, కాదనను. కానీ మన ఎండల్లో చల్లదనం వరం. ‘చల్లగా ఉండు నాయనా’ అని దీవిస్తాం, అమ్మవారిని చల్లని తల్లి అంటాం. నెలల తరబడి మంచు కురిసే ఫిన్లాండ్‌లో మంచివాళ్లకు వాడే మాట లమ్మిన్, అంటే వెచ్చని. క్యుల్మ మనిషంటే ప్రేమా జాలీ లేని మనిషి. నీ వాక్యంలో కోడలు అత్తగారిని మెచ్చుకున్నట్టయింది. ‘ఆవిడది రాతిగుండె’ అని రాయి.

ఇక విభక్తులు. చల్లని నీళ్లలో, చల్లని నీళ్లలోకి, చల్లని నీళ్లలోంచి అంటాం, మన విశేషణం కదలదు. అక్కడ నామవాచకంతో పాటు అదీ మారుతుంది: క్యుల్మస్స వెదెస్స, క్యుల్మాన్ వెతేన్, క్యుల్మస్త వెదెస్త. మొత్తం 15 విభక్తులని టెన్షన్ పడకు. పట్టికలు బట్టీ పట్టకుండా ఇలా జంటగా పలుకుతూ నేర్చుకో. పిక్కు, అంటే ‘చిన్న’, లాంటివి కొన్ని అసలు మారవు.

నాకు ఆ భాషలో అన్నిటికంటే ఇష్టమైనది వేరే ఉంది. సరస్సు చల్లగా ఉందనడానికి ‘యర్వి ఒన్ క్యుల్మ’ అంటారు. నీళ్లు చల్లగా ఉన్నాయనడానికి ‘వెసి ఒన్ క్యుల్మా’. చివరి అచ్చు సాగింది, విన్నావా? సరస్సుకు గట్టుంది, అది విడిగా ఒక వస్తువు. నీళ్లూ పాలూ కాఫీ అలా కాదు, ఎంత తీసినా అదే పదార్థం. అందుకే విశేషణం పార్టిటివ్ విభక్తిలోకి వెళ్తుంది. ఆ తేడా చూపే ప్రత్యయం మనకు లేదు. రెండు చోట్లా ‘చల్లగా’ అనే రాయాలి, దానికి బాధపడకు. కానీ చదివేటప్పుడు మాత్రం ఆ సాగిన అచ్చును వదిలేయకు. అక్కడ రచయిత దేని గురించి మాట్లాడుతున్నాడో అదే చెబుతుంది.

చివరి పేజీలో ఆ అమ్మాయి ఆవిరిస్నానం చేసి బయటికొచ్చి ‘క్యుల్మాన్’ అడుగుపెడుతుంది. పక్కన నామవాచకం లేదు, విశేషణం ఒక్కటే విభక్తిని మోస్తోంది. నువ్వు ‘చల్లదనంలోకి’ అన్నావు. అది వేసవి సాయంత్రపు మాట. ‘చలిలోకి’ అను, చాలు. ఈ రెండు చోట్లూ దిద్ది, మూలంతో కలిపి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య