సీసా పెంకులతో స్లాబు పోయొచ్చా?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. పాత సామాన్ల కొట్టు ఉంది. పగలని సీసాలకు గిరాకీ ఉంది గానీ పగిలినవాటిని అడిగేవాడు లేడు. కొట్టు వెనక గుట్ట పడిపోయాయి. ఇప్పుడు డాబా మీద ఇంకో గది వేస్తున్నాం. ఆ పెంకుల్ని సమ్మెటతో కొట్టి స్లాబు కంకరలో సగానికి సగం కలిపేద్దామంటున్నాడు మా మేస్త్రి. "గాజు కూడా ఇసుకతో చేసిందే కదండీ" అంటాడు. కలపమంటారా?

జవాబు: వద్దండీ. స్లాబులో అసలే వద్దు. మీ మేస్త్రి చెప్పింది అబద్ధం కాదు. సీసా గాజులో నూటికి 70 పాళ్లకు పైగా సిలికాయే, ఇసుకలో ఉండేదే. కాకపోతే ఇసుకలో అది స్ఫటికంగా, గట్టిగా అల్లుకుని ఉంటుంది. గాజులో ఆ అల్లిక ఉండదు. తడిసిన సిమెంటు ఎంత ఘాటైన క్షారమో చేతులు పొక్కిన మేస్త్రులకు చెప్పనక్కర్లేదు. ఆ క్షారం అల్లిక లేని సిలికాను నెమ్మదిగా తినేసి జిగురులాంటి పదార్థాన్ని తయారుచేస్తుంది. ఆ జిగురు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. కాంక్రీటు లోపలి నుంచి పగిలి, పైకి ఎండిన చెరువు అడుగులా నెర్రెలు కనిపిస్తాయి. ఈ జబ్బును 1940లో కాలిఫోర్నియా హైవే విభాగంలో పనిచేసిన థామస్ స్టాంటన్ పట్టుకున్నాడు. గాజు కలపకపోయినా కొన్ని రకాల కంకరతో ఇదే జరుగుతుంది. మన పక్కనే ఒడిశాలో హిరాకుడ్ డ్యామ్‌లో వరద నీరు వదిలే కట్ట (స్పిల్‌వే) పగుళ్లకు కారణం ఇదేనని తేల్చారు.

ఇందులో మోసం ఏమిటంటే 28 రోజుల క్యూబు టెస్టులో, అంటే కాంక్రీటు దిమ్మను నొక్కి బలం చూసే పరీక్షలో, ఇది బయటపడదు. జబ్బు బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి మేస్త్రి ఇంకో ఊళ్లో ఉంటాడు.

నేనూ ఒకప్పుడు మీ మేస్త్రిలాగే ఆలోచించినవాణ్ణే. క్వాలిటీ కంట్రోల్‌లో కొత్తగా చేరిన రోజుల్లో ల్యాబు వెనక పడున్న కూల్‌డ్రింకు సీసాలు దంచి మూడు క్యూబులు పోశాను. మర్నాడు అచ్చు విప్పితే లోపల ఇంకా మెత్తగానే ఉంది. సీసాల్లో మిగిలిన చక్కెర చేసిన పని అది. సిమెంటు గట్టిపడకుండా ఆపడానికి చిటికెడు చక్కెర చాలు. మా అటెండరు చూసి "సార్, పాకం పట్టారా?" అన్నాడు. రెండోసారి శుభ్రంగా కడిగి, చిన్న చిన్న కడ్డీలుగా పోసి నీళ్ల బకెట్లో పడేశాను. రెండో వేసవికి వాటి మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చాయి.

సమ్మెటతో కొడితే అన్ని సైజుల ముక్కలూ వస్తాయి. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో క్రిస్టియన్ మేయర్ బృందం పరీక్షిస్తే తెల్ల గాజు సుమారు 1 మి.మీ. ముక్కలుగా ఉన్నప్పుడే ఎక్కువగా ఉబ్బింది. ఆకుపచ్చ గాజు మాత్రం అంతగా ఉబ్బలేదు. అదే గాజును సిమెంటంత మెత్తగా, 75 మైక్రాన్ల కన్నా సన్నగా పొడి చేస్తే కథే మారిపోతుంది. అంత సన్నటి పొడి సిమెంటులోని సున్నంతో త్వరగా కలిసిపోయి తనే జిగటగా, సిమెంటులా పనిచేస్తుంది. మన పెద్దలు గానుగ సున్నంలో సుర్ఖీ, అంటే ఇటుక పొడి, కలిపింది ఈ గుణం కోసమే. అమెరికాలో 2020లో గాజు పొడికి ప్రమాణం కూడా రాశారు, ఏఎస్‌టీఎం సీ1866 అని. కెనడాలో మాంట్రియల్ దగ్గర నన్స్ ఐలాండ్‌లో ఒక జంట వంతెనలకు సిమెంటులో 10 శాతం బదులు వైన్ సీసాల పొడి వాడారు.

మరి మనం ఎందుకు వాడకూడదని అడగొచ్చు. క్యూబెక్‌కు కరెంటు దాదాపు అంతా నీటి నుంచే వస్తుంది కాబట్టి అక్కడ బొగ్గు బూడిద దొరకదు. మనకు ఇబ్రహీంపట్నం, సింహాద్రి థర్మల్ కేంద్రాల దగ్గర గుట్టలుగా ఉంది. అదీ దాదాపు ఇదే పని చేస్తుంది, పైగా పొడి చేయడానికి మిల్లు ఖర్చు లేదు. మీ గూడెంలో గాజును అంత సన్నగా ఆడించే మిల్లు ఎక్కడుందో చెప్పండి, అప్పుడు ఆలోచిద్దాం. ఇంకో సంగతి: కంకర, ఇసుకలకు మన దేశంలో ఉన్న ఐఎస్ 383 ప్రమాణాన్ని 2016లో సవరించినప్పుడు పాత కాంక్రీటు ముక్కలకు, లోహపు కొలిముల్లో మిగిలే స్లాగుకు చోటిచ్చారు. గాజు పేరు అందులో లేదు.

మీ గుట్టను ఏం చేయాలంటారా? కడిగి, మూతలు, లేబుళ్లు తీసేసి, సన్నగా నలగ్గొట్టి బేస్‌మెంటు ఫిల్లింగులో మట్టి కింద వేసేయండి. అక్కడ సిమెంటు లేదు, గొడవా లేదు. పెరట్లో పరిచే పేవర్ బ్లాకులకైతే ఇసుకలో అయిదో వంతుకు మించకుండా కలపొచ్చు. బస్తా మీద పీపీసీ అని ఉన్న సిమెంటే తీసుకోండి. అందులో బూడిద ముందే ఉంటుంది, అది ఆ ఉబ్బును అదుపులో పెడుతుంది. పని చేసేవాళ్లకు తోలు గ్లౌజులు, ముక్కుకు మాస్కు కొనివ్వండి. తట్టలెత్తే ఆడవాళ్ల అరచేతులు కోసుకుపోతే ఆ రోజు కూలి ఎవరిస్తారు?

ప్రశ్న: పాత డబ్బా టీవీల గాజు కూడా పేవర్లలో వాడొచ్చా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: వద్దమ్మా. పిక్చర్ ట్యూబు వెనక గరాటులాంటి భాగంలో సీసం ఉంటుంది. ట్యూబ్‌లైట్లలో పాదరసం. రెండింటినీ ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి.

ప్రశ్న: 1950ల్లో మా తాతగారు దొంగల భయంతో ప్రహరీ గోడ మీద గుచ్చించిన సీసా పెంకులు ఇప్పటికీ కదల్లేదు. ఉబ్బడం, పగలడం మాకైతే కనిపించలేదే! (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: మంచి ప్రశ్న. మీ గోడ మీద పెంకులు పలచగా ఉంటాయి, వానకు తడిసినా ఎండకు ఆరిపోతాయి, పైన బరువేమీ లేదు. సన్నటి పగులు వచ్చినా నిచ్చెన వేసుకుని చూసేదెవరు? ఆ రోజుల్లో చాలా గోడలకు గానుగ సున్నమే వాడేవారు. అందులో సిమెంటులో ఉన్నంతగా సోడా, పొటాష్ అనే ఘాటైన క్షారాలు ఉండవు. మీది సున్నమో సిమెంటో ఒకసారి గీకి చూసి రాయండి.