జిమ్‌లో మాత్రమే ఎక్కినవాళ్లు లాండర్ క్లైంబింగ్ ఫెస్టివల్‌కి వెళ్లవచ్చా?

ప్రశ్న: నేను డెన్వర్‌లో ఉంటాను. ఆరు నెలలుగా ఇండోర్ జిమ్‌లో క్లైంబింగ్ చేస్తున్నాను, 5.9 గ్రేడ్ దాకా, అంటే కొత్తవాళ్లకి తగ్గ కష్టం దాకా, ఎక్కగలను. జూలైలో వయోమింగ్‌లోని లాండర్‌లో జరిగే ఇంటర్నేషనల్ క్లైంబర్స్ ఫెస్టివల్‌కి వెళ్లాలని ఉంది. తోడు ఎవరూ లేరు. అక్కడ అందరూ ఆరితేరినవాళ్లే ఉంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఈసారి వెళ్లాలా, ఇంకో ఏడాది ఆగాలా?

ఆగొద్దు, ఈసారే వెళ్లండి. ఒక్క షరతు: మొదటి రోజే ఏదో ఒక క్లినిక్‌లో, అంటే గైడ్ దగ్గరుండి నేర్పే క్లాసులో సీటు తీసుకోండి. మిగతా కార్యక్రమాలు అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు.

నేను ఫోర్ట్ కాలిన్స్‌లో ఉంటాను. మొదటిసారి లాండర్ వెళ్లేనాటికి నాకున్నది ఎనిమిది నెలల జిమ్ అనుభవం, ఒక హార్నెస్ (రోప్ కట్టుకునే నడుము పట్టీ), ఒక జత షూస్. మీలాగే ఒంటరిగా వెళ్లాను. ఆ తర్వాత మరోసారి కూడా వెళ్లొచ్చాను. మీ ప్రశ్న చదివితే అప్పటి నా భయమే మళ్లీ గుర్తొచ్చింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు, నేను ఎందుకు క్లినిక్ అంటున్నానో చెప్పాలి. లాండర్ వెళ్లడానికి రెండు నెలల ముందు, మా ఊరికి దగ్గర్లోని ఒక కొండ దగ్గరికి జిమ్‌లో పరిచయమైన ఒకరితో వెళ్లాను. ఇద్దరికీ బయట ఎక్కిన అనుభవం లేదు. మా రోప్ 60 మీటర్లది. రోప్ గోడ పైనున్న రింగులో నుంచి మడతపడి కిందికి రావాలి కాబట్టి 60 మీటర్ల రోప్‌తో 30 మీటర్ల ఎత్తు మాత్రమే ఎక్కి దిగవచ్చు. మేమెక్కిన గోడ అంతకంటే ఎత్తు. ఆ లెక్క మాకు తెలియదు. నన్ను కిందికి దింపుతున్నప్పుడు నేనింకా నాలుగు మీటర్ల పైనే ఉన్నాను, అవతల రోప్ చివర నా పార్ట్‌నర్ చేతిదాకా వచ్చేసింది. రోప్ చేజారిపోకుండా ఆపే ముడి చివర లేదు. పక్క రూట్‌లో ఉన్న ఒక పెద్దాయన చూసి గట్టిగా అరిచాడు, పరిగెత్తుకొచ్చి రోప్ పట్టుకున్నాడు. ఆ ముడి వేయడానికి పది సెకన్లు పట్టదు. అది వేయాలని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

జిమ్‌లో ఇవేవీ మన దాకా రావు. రోప్ పైనుంచి వేలాడుతూ ఉంటుంది, దాని పొడవు గోడకు సరిపోతుందో లేదో జిమ్ వాళ్లే చూసుకుంటారు. పైకి చేరాక చేతులు వదిలేస్తే కిందికి దించేస్తారు. బయట చాలా చోట్ల అలా కాదు. రూట్ పైకి చేరాక, యాంకర్‌కి, అంటే అక్కడ రాతిలో బిగించిన బోల్టులకి, మనల్ని మనం కట్టుకుని, హార్నెస్‌కి ఉన్న ముడి విప్పి, రోప్‌ను ఇనుప రింగుల్లో దూర్చి, మళ్లీ ముడి వేసుకుని దిగాలి. అంతసేపూ మనల్ని పట్టి ఉంచిన ముడిని మన చేతులతో మనమే విప్పాలన్నమాట. దీన్ని యాంకర్ క్లీనింగ్ అంటారు. ఒక్క మెట్టు మర్చిపోయినా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నేను తీసుకున్నది ఆ క్లినిక్.

మేం ఆరుగురం. గైడ్ మమ్మల్ని వెంటనే గోడ ఎక్కించలేదు. ఛాతీ ఎత్తులో ఒక బోల్టుకి రింగులు పెట్టి, నేల మీద నిలబెట్టి, ఒక్కొక్కరి చేత ఐదేసి సార్లు చేయించింది. ప్రతి అడుగూ పైకే చెప్పమంది: "ఇప్పుడు యాంకర్‌కి కట్టుకున్నాను. ఇప్పుడు బరువు వేసి చూస్తున్నాను. ఇప్పుడు ముడి విప్పుతున్నాను." ఆరో మనిషి వంతు వచ్చేసరికి మిగతా ఐదుగురికీ కంఠతా వచ్చేసింది. ఆ తర్వాతే గోడ. రెండు నెలల కిందట మాకు జరిగింది చెబితే ఆమె నన్ను తప్పుపట్టలేదు. అందరినీ దగ్గరికి పిలిచి, రోప్ చివర ముడి వేయడం నాచేతే చూపించమంది.

మీ 'తోడు లేరు' అనే సమస్య కూడా అక్కడే తీరుతుంది. సగం రోజు ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టాక పరిచయం కోసం వేరే మాటలు వెతుక్కోనక్కర్లేదు. మర్నాడు ఆ ఆరుగురిలో నలుగురం కలిసి లాండర్ దగ్గర్లోని వైల్డ్ ఐరిస్ అనే క్లైంబింగ్ చోటుకి వెళ్లాం. అందులో నెబ్రాస్కా నుంచి వచ్చిన నర్సు ఒకామె ఇప్పటికీ నా క్లైంబింగ్ పార్ట్‌నర్.

గ్రేడ్ గురించి బెంగ వద్దు. పేరున్న క్లైంబర్లు వస్తారు, నిజమే. వాళ్లెక్కే రూట్లు చూస్తుంటే కాళ్లకింద నేల కదిలినట్టుంటుంది. కానీ ఈ ఫెస్టివల్‌ను 1994 నుంచీ నడుపుతున్నది ఆ ఊరి క్లైంబర్లే. ఊరి జనాభా ఎనిమిది వేల లోపు. పొద్దున కిరాణా కొట్టు లైన్‌లో మీ ముందు నిలబడ్డ మనిషే సాయంత్రం వేదిక మీద మాట్లాడుతూ కనిపిస్తాడు. 5.9 ఎక్కేవాళ్లని చులకనగా చూసినవాళ్లు నాకు అక్కడ ఒక్కరూ ఎదురవలేదు.

ఆ ఊళ్లో ఒక పేరు పదేపదే వింటారు: టాడ్ స్కిన్నర్. వయోమింగ్ మనిషే. 1988లో పాల్ పియానాతో కలిసి కాలిఫోర్నియాలోని యోసెమిటీలో ఎల్ కాపిటాన్ అనే పెద్ద రాతి కొండ మీద సలాథే వాల్ అనే రూట్‌ను ఫ్రీ క్లైంబ్ చేశాడు. అంటే రోప్ ఉన్నది పడితే ఆపడానికే, పైకి లాక్కోవడానికి కాదు. వైల్డ్ ఐరిస్ రాయి కోసమే లాండర్‌లో స్థిరపడ్డాడు, ఎందరినో అక్కడికి రప్పించాడు. 2006 అక్టోబరులో యోసెమిటీలోనే లీనింగ్ టవర్ దగ్గర రోప్ మీద దిగుతుండగా హార్నెస్ ముందు భాగంలోని బిలే లూప్ (రోప్ పరికరాన్ని తగిలించే గట్టి గుడ్డ ఉంగరం) తెగి చనిపోయాడు. ఆ లూప్ అప్పటికే బాగా అరిగిపోయి ఉంది. మా క్లినిక్‌లో గైడ్ ఈ సంగతి చెప్పి, అందరినీ కూర్చోబెట్టి ఎవరి లూప్ వాళ్ల చేత వేళ్లతో తడిమించింది. పీచు లేచిందా, రంగు వెలిసిందా, ఒకేచోట ఒరుసుకుందా చూడమంది. అంతటి మనిషి జీవితం అలా ముగిసిందని ఆయన ఊళ్లోనే వింటూ మన హార్నెస్ మనం చూసుకుంటుంటే, ఆ పాఠం మనసులో నాటుకుపోతుంది. ఇప్పటికీ ఎక్కే ప్రతిసారీ ముందు ఆ లూప్ చూసుకుంటాను.

ఇక రాయి సంగతి. మాది భువనగిరి. చిన్నప్పటి నుంచీ ఆ ఏకశిల గుట్టను చూస్తూ పెరిగాను, సెలవులకి వెళ్లినప్పుడు దాని మీద కొంచెం ఎక్కాను కూడా. మన గ్రానైట్ మీద పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పాదం రాతికి ఆనించి, ఒరిపిడిని నమ్ముకుని నిలబడాలి. లాండర్‌లో పద్ధతి వేరు. అక్కడిది డోలమైట్, సున్నపురాయికి దగ్గరి బంధువు. గోడ నిండా గుంతలు. కొన్నింట్లో చెయ్యంతా పడుతుంది, కొన్నింట్లో రెండు వేళ్లే, కొన్నింట్లో ఒక్కటే. ఇక్కడే కొత్తవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఆరు నెలల్లో కండరాలు బలపడతాయి గానీ, వేళ్ల స్నాయువులకి అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. ఒకటి రెండు వేళ్ల గుంతల్లో ఒళ్లంతా వేలాడదీయొద్దు. మూడు వేళ్లకి తగ్గకుండా పట్టే రూట్లే ఎంచుకోండి. మొదటిసారి నేను మూడో రోజు ఉత్సాహం పట్టలేక ఉంగరం వేలిని కష్టపెట్టాను, ఆరు వారాలు జిమ్ మానాల్సి వచ్చింది.

వైల్డ్ ఐరిస్ ఊరికి దక్షిణాన, సుమారు 9,000 అడుగుల ఎత్తులో ఉంది. ఆ మైదానాల్లో పూసే ఊదారంగు ఐరిస్ పూల పేరే దానికి పెట్టారు. డెన్వర్‌లో ఉన్నా అక్కడ ఆయాసం వస్తుంది, మొదటి రోజు నెమ్మదిగా నడవండి. జూలైలో మధ్యాహ్నం దాటాక ఉరుములు మామూలే. మబ్బు నల్లబడుతుంటే 'ఇంకొక్క రూట్' అనుకోకుండా దిగిపోవాలి. హెల్మెట్ ఎక్కేవాళ్లకే కాదు, కింద రోప్ పట్టుకున్నవాళ్లకీ కావాలి, పైనుంచి రాళ్లు రాలతాయి.

ఊరి పక్కనే ఉన్న సింక్స్ కాన్యన్ గోడ దక్షిణం వైపు తిరిగి ఉంటుంది, జూలై మధ్యాహ్నాల్లో రాయి కాలిపోతుంది. అక్కడికి పొద్దున్నే వెళ్లండి. రాళ్ల సందుల్లో చేతులు పెట్టే ముందు చూసుకోండి, రాటిల్ స్నేక్‌లు తిరిగే చోటది. ఎక్కకపోయినా సరే, అక్కడి నదిని చూడకుండా మాత్రం రావొద్దు. దాని పేరు రాసేది పోపో ఏజీ అని, పలికేది 'పపోజా' అని. హోరుమంటూ వచ్చే నది మొత్తం ఒక గుహలోకి దూరి మాయమైపోతుంది. పావు మైలు కింద, ఎదుటి ఒడ్డున, నిశ్శబ్దంగా ఒక మడుగులో మళ్లీ పైకి తేలుతుంది. రంగు కలిపి పరీక్షిస్తే ఆ పావు మైలుకి నీరు రెండు గంటలకు పైగా తీసుకుందట, పైగా లోపలికి వెళ్లినదానికంటే ఎక్కువ నీరు బయటికి వస్తోందట. ఆ మడుగులో లావాటి ట్రౌట్ చేపలు వరుసగా తిరుగుతుంటాయి. నేను రైలింగ్ పట్టుకుని గంటసేపు నిలబడిపోయాను.

సాయంత్రాలు సిటీ పార్క్‌లో గడుస్తాయి. సినిమాలు, స్లైడ్ షోలు, గేర్ అమ్మే గుడారాలు, పిల్లలు, కుక్కలు. నేను వెళ్లిన రెండుసార్లూ ఆ పార్క్‌లోనే టెంట్ వేసుకున్నాను, ఊరివాళ్లు అద్దె లేకుండా మూడు రాత్రుల దాకా ఉండనిచ్చారు. ఈ ఏడాది పద్ధతి ఏమిటో ముందే కనుక్కోండి. ఒక రాత్రి అక్కడ పాల్ పెట్జోల్ట్ గురించి మాట వచ్చింది. 1965లో నోల్స్ అనే అవుట్‌డోర్ స్కూల్ ఆ ఊళ్లోనే మొదలుపెట్టింది ఆయనే. 1924లో 16 ఏళ్ల వయసులో గ్రాండ్ టీటాన్ ఎక్కాడని చెప్పారు. అప్పుడు నేను మాలావత్ పూర్ణ గురించి చెప్పాను: 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకముందే, నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన ఆ అమ్మాయి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కిందని, వాళ్ల శిక్షణ మా భువనగిరి గుట్ట మీదే మొదలైందని. ఫోన్‌లో గుట్ట ఫొటో చూపిస్తే చుట్టూ పదిమంది చేరారు. "రాయి ఎలా ఉంటుంది? ఏ నెలలో రావాలి? ఎక్కడ దిగాలి?" అంటూ ఒకటే ప్రశ్నలు. నేను పుట్టిన ఊరి గురించి ఈ దేశంలో అంత ఇష్టంగా ఎవరూ అడగలేదు. మీరూ మన కొండల ఫొటోలు నాలుగు ఫోన్‌లో ఉంచుకోండి.

ఆదివారం మధ్యాహ్నం ఖాళీ దొరికితే ఉత్తరాన ఫోర్ట్ వాషకీ దాకా వెళ్లి రండి. అది విండ్ రివర్ రిజర్వేషన్, ఈస్టర్న్ షోషోనీ, నార్తర్న్ అరాపహో అనే రెండు ఆదివాసీ తెగల నేల. షోషోనీ నాయకుడు వాషకీ సమాధి అక్కడే ఉంది. ఆ కొండలతో తరతరాల సంబంధం వాళ్లది. అనుమతి లేకుండా రోడ్డు దిగి లోపలికి వెళ్లకండి.

దారి విషయం: డెన్వర్ నుంచి లారమీ, రాలిన్స్ మీదుగా దాదాపు ఆరు గంటలు. రాలిన్స్‌లో ట్యాంక్ నింపుకోండి, ఆ తర్వాత పెద్ద ఊరే లేదు. మధ్యలో వచ్చే జెఫ్రీ సిటీ ఒకప్పుడు యురేనియం గనుల ఊరు, ఇప్పుడు దాదాపు ఖాళీ. చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చీకటి పడితే జింకలు రోడ్డు మీదికి వస్తాయి, పగలే చేరుకునేలా బయలుదేరండి.

శాకాహారులైతే చింతపండు పులిహోర, కారప్పొడి, అటుకులు పట్టుకెళ్లండి. మా గుంపులో పులిహోర మొదటి రోజే అయిపోయింది, ఈసారి రెండింతలు చేయమన్నారు. రాత్రి తిండి సామాన్లేవీ టెంట్‌లో ఉంచకుండా కార్లో పెట్టి లాక్ చేయండి, ఎలుగుబంట్లు ఉన్న ప్రాంతం. పగలు ఎండ ఎంత మండినా రాత్రికి మంచి స్వెటర్ కావాలి.

బిగినర్ క్లినిక్ సీట్లు నేను వెళ్లిన రెండుసార్లూ ముందే అయిపోయాయి. రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే యాంకర్ క్లీనింగ్ గానీ, లీడ్ బిలే (రోప్‌ను తనతో పైకి తీసుకెళ్తూ ఎక్కేవాళ్లకి కింద రోప్ పట్టుకోవడం) గానీ తీసుకోండి. రెండూ దొరక్కపోతే కింద కామెంట్ పెట్టండి. ఈ జూలైలో నేనూ వెళ్తున్నాను, గురువారం పొద్దున పార్క్‌లో కలిసి నేల మీద నిలబడే ఐదుసార్లు చేసి చూద్దాం.