పీహెచ్‌డీ నాలుగో ఏడు, చేతిలో ఒక్క పేపరే. డబ్బు కట్టి ఇంకో రెండు వేయించుకోనా?

చెల్లె, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. వరంగల్‌లో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ, నాలుగేళ్లకు ఒక్క పేపరు, రెండోది రివ్యూయర్లు, అంటే జర్నల్ తరఫున పేపరు పరీక్షించేవాళ్లు, తిప్పి పంపారు, తోటివాళ్లకేమో ఆరేడున్నాయి. పైసలు కడితే వారంలో వేస్తారని ఎవరో ఒక జర్నల్ చూపించారు, వేయించుకోనా అని అడిగావు. వద్దు. ఒకప్పుడు నేను వేయించుకున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

నా పని బోదకాలు మీద. దాన్ని తెచ్చే సన్నటి పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి, దోమ కుట్టే వేళకు రాత్రి చర్మం దగ్గరి నెత్తురులోకి వస్తాయి. అందుకే కరీంనగర్ వైపు ఊళ్లలో రాత్రి పది దాటాక ఇల్లిల్లూ తిరిగి వేలు గుచ్చేవాళ్లం. ఒక అవ్వ ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన మనిషి, వేలికొన కాయగాసి సూది దిగలేదు. వాచిన కాలు ముందుకు చాపి, "నా కాలు చూస్తె తెల్వదా బిడ్డా, నెత్తురెందుకు?" అంది. నాకు జవాబు దొరకలేదు. ఆమె స్లయిడు గీమ్సా రంగులో పెట్టి ఎంత వెతికినా ఒక్క పిల్ల పురుగు లేదు. ఏ వాపూ లేని ఆమె మనవడి స్లయిడులో మాత్రం కనిపించాయి. కాలు వాచిన వాళ్లలో చాలామంది నెత్తురులో అవి దొరకవనీ, పైకి బాగున్నవాళ్ల నుంచే దోమ వాటిని మోసుకెళ్తుందనీ పుస్తకంలో చదివిందే. ఆ రాత్రి కళ్లతో చూశాను. అలా రెండేళ్లు తిరిగితే వచ్చింది ఒకే పేపరు.

ఆ ఒక్కటి చాలదని భయపడి, మిగిలిన డేటా పోగేసి ఒక పైసల జర్నల్‌కు పంపాను. నాలుగో రోజున ఓకే అన్నారు, ఒక్క ప్రశ్న అడగలేదు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ప్యానెల్‌లోని మేడమ్ నా జాబితాలో వేలు సరిగ్గా దాని మీదే పెట్టారు. "కంట్రోల్ గ్రూపు ఎక్కడ?" అన్నారు. పోల్చి చూడటానికి పెట్టుకోవాల్సిన ఆ రెండో గుంపు నా పేపరులో లేదు. మిగిలిన సమయమంతా దాని మీదే గడిచింది. స్లయిడుల పేపరు గురించి అడగనేలేదు.

జాబితా చదివేవాళ్లు ముందు లెక్కపెట్టరు. వైద్య, జీవశాస్త్ర పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైటులో పేరు కొడతారు. మొదటి పేరు నీదైతే పని నీ చేతులతో చేశావని, చివరి పేరైతే ల్యాబు నీదని మన రంగంలో అర్థం. హెచ్-ఇండెక్స్ గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన లెక్క అది: పది ఉండాలంటే కనీసం పది పేపర్లను ఒక్కోదాన్ని పదేసిసార్లు ఇతరులు ఉదహరించాలి. పీహెచ్‌డీ నాలుగో ఏట ఉన్న విద్యార్థికి అది ఎక్కడినుంచి వస్తుంది?

పేర్లు లెక్కపెడితే పని విలువ తేలదు కూడా. బోదకాలుకు మన ఊళ్లలో పంచే డీఈసీ గోలీ వెనక, అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో పనిచేసిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం ఉంది. 1947 నాటి ఆ పేపరులో ఆయన పేరు చివరన ఉంటుంది. మరుసటి ఏడు పిల్లల లుకేమియాకు, అంటే రక్త క్యాన్సర్‌కు, అమినోప్టెరిన్ అనే మందు పనిచేస్తుందని ఫార్బర్ అనే అమెరికా డాక్టరు ప్రకటించిన పేపరులో, ఆ మందు ఇచ్చిన ల్యాబు ఆయనదే అయినా, రచయితల్లో ఆయన పేరు లేదు. నువ్వు ల్యాబులో చేసే ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ కూడా ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి సుబ్బారావు గారు 1925లో రాసిన పద్ధతే.

థీసిస్ సంగతికొస్తే, సమర్పించే ముందు పేపరు తప్పనిసరన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. మీ యూనివర్సిటీ సొంత రూలు ఏముందో ఆఫీసులో కనుక్కో. ఆ జర్నల్‌కు కట్టాలనుకున్న డబ్బుతో రివ్యూయర్లు అడిగిన ప్రయోగం మళ్లీ చెయ్యి, కెమికల్స్‌కు పనికొస్తుంది. వాళ్ల కామెంట్లు ఇక్కడ పెట్టు, ఆదివారం కూర్చుని ఒక్కోటి చదివి చెప్తా.