కృష్ణ ఒడ్డు చేలలో జింకల బెడద: అల్లుడికి ఒక లేఖ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మక్తల్ దగ్గర నువ్వు కౌలుకు పట్టిన నల్లరేగడిలో పత్తి మొలకలను జింకలు రెండుసార్లు తినిపోయాయనీ, మూడోసారి విత్తనానికి డబ్బు చూసుకోవాలనీ నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పక్క చేనువారు కంచె తీగకు మోటారు కరెంటు తగిలించమంటున్నారని కూడా అన్నావు. మిగతా సంగతులన్నీ తరువాత, ముందు ఆ ఆలోచన పూర్తిగా మానుకో.

మా ఊరి చెరువు కింద ఒక రైతు పందుల కోసం మోటారు స్టార్టరు డబ్బా నుంచి సన్నని బైండింగు తీగ లాగి, మొక్కజొన్న చుట్టూ మోకాలెత్తున కట్టాడు. పొద్దున్నే తీసేయాలనుకున్నవాడు ఆ రోజు నిద్ర లేవడం ఆలస్యమైంది. గడ్డి కోసుకోవడానికి వచ్చిన కూలీ మంచులో తడిసిన గట్టు మీద నుంచి దిగుతూ ఆ తీగను తాకాడు. నేను వెళ్ళేసరికి గట్టు మీద ఒక చెప్పు, దాని పక్కన సగం కట్టిన గడ్డిమోపు ఉన్నాయి. ఆ రైతు చెడ్డవాడు కాడు, పంటను కాపాడుకోవాలనుకున్నాడు, అంతే. రెండు ఇళ్ళూ కూలిపోయాయి. ఆ చెప్పు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, నీ చేనులో దిగే ఈ కృష్ణ జింక మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ వరకూ జైలుశిక్ష పడుతుంది. అడవి పంది రెండో షెడ్యూలులోది కనుక, పంటకు నష్టం చేస్తున్నదని తేలితే దాన్ని వేటాడడానికి అధికారులు లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. మొదటి షెడ్యూలు జంతువుకు పంట నష్టం కారణంగా ఆ అనుమతి ఇచ్చే వీలే లేదు. ఒకరికి పందుల మీద అనుమతి వచ్చిందని విని జింకల విషయంలోనూ అలాగే అనుకోవద్దు.

ఇక చేనులోకి వద్దాం. తిన్నది ఎవరో ముందు తేల్చుకో. జింకకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు, కనుక అది మొలకను కొరకదు, పట్టి లాగి తెంపుతుంది. తెగినచోట నారలు తేలి చిరిగినట్టుంటే జింక పని, చాకుతో కోసినట్టు ఏటవాలుగా నున్నగా ఉంటే చెవులపిల్లి పని. సాళ్ళు నాగలి పెట్టినట్టు తవ్వి ఉంటే పంది వచ్చినట్టే. ఈ తేడా తెలియకనే నువ్వు పది రాత్రులు మంచె మీద మేల్కొని ఉన్నావు. కృష్ణ జింక ఎక్కువగా పగటిపూట మేసే జంతువు, తెల్లవారగానే ఒకసారి, పొద్దువాలే ముందు ఒకసారి మేతకు దిగుతుంది. రాత్రి కావలి పందికి పనికొస్తుంది. జింకకైతే ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మనిషి చేనులో కనబడుతూ తిరగడమే ముఖ్యం. అదీ పంట కాలమంతా అక్కరలేదు, పత్తికీ కందికీ మొలక లేచిన మొదటి మూడు నాలుగు వారాలే గండం. ఆ రోజులకు ఇంట్లో అందరూ వంతులు వేసుకోండి.

మందను తరిమేటప్పుడు వెనుక నుంచి మెల్లగా నడిచి, అవి వచ్చిన దారినే పోనివ్వు. కుక్కలను వదిలితే, నాలుగువైపులా అరిస్తే, అవి బెదిరి చేనంతా గెంతుతాయి. తిన్నదానికంటే తొక్కింది ఎక్కువవుతుంది. పాత చీరలు కట్టడం, దిష్టిబొమ్మ, డబ్బాల మోత వంటివి పనికిరావని అనను, కానీ ఒకేచోట ఒకేలా ఉంచితే కొద్ది రోజులకే జింకలు వాటికి అలవాటుపడతాయి. బొమ్మ చోటు మారుస్తూ ఉండు, చీరల రంగు మార్చు, మొలక రాకముందే కట్టి పాతబరచవద్దు. గట్ల మీద ఆముదం సాళ్ళు వేస్తే మంచిదే, ఆ ఆకును జంతువులు సాధారణంగా ముట్టవు. ముళ్ళ కోసం కొందరు గట్ల మీద కుసుమ వేస్తారు, కానీ ఆ ముళ్ళు గట్టిపడడానికి సమయం పడుతుంది కనుక మొలక దశలో దానిని నమ్ముకోలేము.

నిలకడైన దారి సోలారు కంచె. అది మోటారు కరెంటులా నిరంతరం పారదు. ఎండతో నిండే బ్యాటరీకి తగిలించిన పెట్టె నుంచి సుమారు సెకనుకు ఒకసారి, సెకనులో వెయ్యోవంతు కూడా ఉండని కరెంటు దెబ్బ తీగలోకి వస్తుంది, అందుకే తాకిన జంతువు అదిరిపడి వెనక్కి తప్పుకుంటుంది. ఖర్చుకు భయపడుతున్నావు కదా, ఈ లెక్క చూడు. ఎకరం చదరపు చేను చుట్టుకొలత దాదాపు 254 మీటర్లు. పదహారు ఎకరాలకు విడివిడిగా కంచెలు వేస్తే నాలుగు వేల మీటర్లు దాటుతుంది. ఆ పదహారెకరాలూ ఒకే చదరంగా కలిపి చుడితే సుమారు 1,018 మీటర్లే. కరెంటు తగిలించమన్న ఆ పక్క రైతులనే కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పు. పెట్టె ఒకటే, బ్యాటరీ ఒకటే, కాపలా వంతులు కూడా పంచుకోవచ్చు.

కంచె వేశాక దానిని పసిబిడ్డలా చూసుకోవాలి. కింది తీగకు గడ్డి తగిలితే దెబ్బ భూమిలోకి జారిపోతుంది, జింకలు నింపాదిగా తీగల సందున దూరివస్తాయి. వారానికొకసారి తీగ వెంట గడ్డి కోయించు. భూమిలో దిగేసిన ఎర్తు కడ్డీల చుట్టూ నేల ఎండిపోతే ఎంత మంచి పెట్టె కొన్నా పనిచేయదు, వేసవిలో అక్కడ రెండు బిందెల నీళ్ళు పోయించు. తీగలో దెబ్బ వస్తున్నదో లేదో రోజూ సాయంత్రం టెస్టరుతో చూసుకో. నాలుగైదు సంవత్సరాలు కంచెతో వేగినవాడిగా చెబుతున్నాను, కంచె విఫలమైందని నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమందికి కడ్డీల దగ్గరో గడ్డి దగ్గరో లోపం కనబడింది.

జరిగిన నష్టానికి అర్జీ పెట్టడం మరువకు. నేను ఒకసారి చేను దున్నేశాక కార్యాలయానికి వెళితే, చూడడానికి ఏముందని తిప్పి పంపారు. తప్పు నాదే. మళ్ళీ విత్తే ముందే తేదీ పడేలా ఫోటోలు తీయి, పంట నమోదయిందో లేదో వ్యవసాయ విస్తరణాధికారిని అడుగు, అటవీ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకో. పట్టా నీ పేరున లేదు కనుక భూమి యజమానితో ముందే మాట్లాడి అర్జీ మీద సంతకం చేయించు.

ఈ ఆదివారం బస్సుకు వస్తున్నాను. నా పాత టెస్టరు, నాలుగు ఎర్తు కడ్డీలు తెస్తాను. పక్క చేనువారిని సాయంత్రం ఇంటికి పిలిచి ఉంచు, లెక్క నేనే వివరిస్తాను. అంతవరకూ స్టార్టరు డబ్బాకు తాళం వేసి, తాళంచెవి మా చెల్లెలి చేతికివ్వు.

ఆశీస్సులతో,
మామయ్య