పత్మాసులో ఓడ దిగాక: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో కొండ మీదికి

గ్రీస్ క్రూజ్‌లో పత్మాసు ద్వీపం దగ్గర ఓడ నాలుగు గంటలే ఆగుతుంది, అమ్మకు మోకాళ్ల నొప్పులు, షిప్ వాళ్ల ఎక్స్‌కర్షన్ (బస్సులో గుంపుగా తిప్పి చూపించే టూర్) కొనాలా, మేమే టాక్సీలో వెళ్లొచ్చా అని కదా మీరు అడిగింది. మా అత్తగారిని తీసుకెళ్లాను, ఆవిడవీ అలాంటి మోకాళ్లే, కాబట్టి నా మాట టాక్సీయే.

ఎందుకంటే దూరం ఏమీ లేదు. స్కాలా రేవు నుంచి కొండ మీదున్న ఖోరా ఊరు సుమారు నాలుగు కిలోమీటర్లు, దాదాపు సగం దారిలో యోహాను గుహ (బైబిల్ చివరి పుస్తకం ప్రకటన గ్రంథంలోని దర్శనాలు యోహానుకి ఇక్కడే కలిగాయంటారు), పైన ఖోరాలో ఆయన పేరు మీదున్న క్రైస్తవ సన్యాసుల మఠం. ఎక్స్‌కర్షన్ బస్సు రెండూ చూపిస్తుంది కానీ గుంపు నడిచే వేగంతో మీ అమ్మగారూ నడవాలి, పైగా ఆ బస్సు మఠం గుమ్మం దాకా పోదు, రాళ్లు పరిచిన ఇరుకు సందుల్లో ఎక్కి వెళ్లాల్సిందే. అదే గ్రీస్‌లోనే వోలోస్ రేవులో దిగి, రాతి శిఖరాల మీద మఠాలున్న మెటియోరాకి వెళ్లాలంటే మాత్రం నేను కళ్లు మూసుకుని షిప్ వాళ్ల బస్సే ఎక్కుతాను, అది గంటల తరబడి ప్రయాణం, ఆలస్యమైతే సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు.

ఇక గుహ. రోడ్డు మీద నుంచి మెట్లు దిగి వెళ్లాలి, అంటే తిరిగొచ్చేటప్పుడు ఎక్కాలి, అమ్మగారి ఓపికంతా దీనికే దాచండి. లోపల చిన్న గుడి, ఒక పక్కంతా రాతి కొండే. ఆ రాతిలో మూడు పాయలుగా చీలిన పగులు చూపించి దేవుని స్వరం అక్కడి నుంచే వినిపించిందంటారు, కింద యోహాను తల ఆనించి పడుకున్నాడని చెప్పే గుంటకి వెండి చుట్టు బిగించారు. మా అత్తగారు ప్రకటన గ్రంథం ఎన్నిసార్లు చదివారో, ఆ గుంట పక్కనుంచి కదిలితే ఒట్టు! వెనకాల ఏదో టూర్ గుంపు వచ్చి నిలబడ్డా మాకేం టెన్షన్ లేదు, బయట టాక్సీ ఆగి ఉంది. ఫోటోలు తీయనివ్వరు.

మఠం మీకోసం. 1088లో బైజాంటైన్ చక్రవర్తి మొదటి అలెక్సియోస్ ఈ ద్వీపాన్ని క్రిస్టోడూలోస్ అనే సన్యాసికి రాసిచ్చేశాడు, సముద్రపు దొంగల భయంతో కట్టారు కాబట్టి బయట నుంచి అచ్చం కోటలా ఉంటుంది. మ్యూజియంకి టికెట్ వేరే. లైబ్రరీ మామూలు సందర్శకులకి తెరవరు, మార్కు సువార్తలోని ఆరో శతాబ్దపు ఊదారంగు తోలు పుటలు కొన్ని ఈ మఠం దగ్గరే ఉన్నాయి. టైమ్ తక్కువైతే అమ్మగారిని కింద కాఫీ దగ్గర కూర్చోబెట్టి మీరొక్కరే వెళ్లిరండి. మధ్యాహ్నాలు మూసేసే రోజులుంటాయి, ముందే కనుక్కోండి.

అమ్మగారు చీర కడతారు కాబట్టి బట్టల గొడవ లేదు, షార్ట్స్‌లో వచ్చే మగవాళ్లకే చిక్కు.

టాక్సీతో ఒక ఇబ్బంది ఉంది. పెద్ద ఓడలు రేవుకి రావు, చిన్న టెండర్ బోట్లలో దింపుతారు, ఎక్స్‌కర్షన్ కొన్నవాళ్లని ముందు పంపి మనల్ని తర్వాత వదులుతారు. అందుకే బోటు టోకెన్ పొద్దున్నే తీసుకోండి. రేవులో టాక్సీలు కొన్నే ఉంటాయి, రానూపోనూ, మధ్యలో ఆగినందుకూ కలిపి ముందే బేరం తేల్చుకోండి. వెనక్కి రావడానికి ఓడ బయల్దేరే టైమ్ కాదు, ఆఖరి టెండర్ టైమ్ రాసుకోండి, రెండిటికీ చాలా తేడా ఉంటుంది.