సర్టిఫికెట్లో హిందూ అని రాయించుకుని ఆదివారం చర్చికి పోయేవాళ్ళు ప్రభుత్వాన్ని మోసం చేస్తున్నట్టు కాదా?

ప్రశ్న అడిగినాయన వివరంగా కూడా రాశారు, "ఎస్సీ రిజర్వేషన్ కావాలంటే హిందువుగా ఉండండి, చర్చి కావాలంటే సర్టిఫికెట్ వదిలేయండి, రెండూ కావాలంటే అది దొంగతనమే కదా" అని. ఆ దొంగతనం మా ఇంట్లో జరిగింది, నా కళ్ళ ముందే, నాకోసమే జరిగింది, కాబట్టి నేను చెప్తా.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. 2008లో నా ఇంటర్ అయిపోయి ఎంసెట్ ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌కి కులం సర్టిఫికెట్ తాజాది కావాలన్నారు. దరఖాస్తు పెట్టిన నాలుగు రోజులకి మండలాఫీసులో తెలిసినాయన మా నాన్నకి చెప్పాడు, మీ మీద ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది, వీళ్ళు కిరస్తానం పుచ్చుకున్నోళ్ళు ఎస్సీ కింద ఇయ్యకూడదని రాశారు, రేపు వీఆర్వో ఎంక్వయిరీకి వస్తాడు, ఇల్లు కాస్త చూసుకో అని. ఇల్లు చూసుకో అంటే ఏంటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, మా పల్లెలో ప్రతి ఇంటికీ తెలుసు.

ఆ రాత్రి అన్నాలు తిన్నాక మా అమ్మ మొదలుపెట్టింది. ద్వారబంధం పైన "యెహోవా నా కాపరి" అని స్టిక్కర్ ఉండేది, దాన్ని తడిగుడ్డతో నానబెట్టి చాకుతో గీకింది, అక్షరాలు పోయినా జిగురు మరక పోలేదు, దాని మీద పసుపు పూసింది. బైబిల్‌ని జిప్పు సంచీతో సహా పాత చీర ముక్కలో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టింది. గోడకున్న సంఘం కాలెండర్ తీసేస్తే, ఏటా అదే మేకుకి అదే సైజు కాలెండర్ వేలాడటం వల్ల అక్కడ మాత్రం సున్నం కొత్తగా తెల్లగా ఉంది, చుట్టూ గోడంతా పొగచూరి ఉంది. మా నాన్న ఊళ్ళోకి పోయి ఎవర్నో అడిగి ఎరువుల కొట్టువాళ్ళ వెంకటేశ్వరస్వామి కాలెండర్ తెచ్చాడు. అది చిన్నది. మేకుకి తగిలిస్తే చుట్టూ నాలుగు పక్కలా తెల్లటి అంచు కనపడతానే ఉంది. మా అమ్మ ఆ అంచునే చూస్తా చాలాసేపు నిలబడింది.

పొద్దున్నే బొట్టు. మా అమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచీ బొట్టు పెట్టుకోలేదు. నాన్న తెచ్చిన స్టిక్కర్ బొట్టుబిళ్ళల అట్ట పట్టుకుని అద్దం ముందు నిలబడి ఒకటి పెట్టుకుంది, పక్కకి పోయింది, తీసి మళ్ళీ పెట్టుకుంది, చేతులు వణుకుతున్నాయి. నాకు పద్దెనిమిదేళ్ళు. ఇంజనీరింగ్ వద్దమ్మా అనాలనిపించింది, అనలేదు. ఆ మాట అననందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటది.

వీఆర్వో పది గంటలకి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, మర్యాదగానే మాట్లాడాడు. అమ్మ చెంబుతో మంచినీళ్ళు తెస్తే "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నాడు. రోళ్ళు పగిలే ఎండలో మండలం నుంచి బండి మీద వచ్చిన మనిషి అది. మా ఇంట్లో నీళ్ళు తాగలేదంటే మేం ఎవరమో ఆయనకి తెలుసు, బాప్తిస్మం తీసుకుంటే మా కులం పోలేదని కూడా తెలుసు, తేల్చాల్సింది ఏమన్నా ఉంటే ఆ చెంబు దగ్గరే తేలిపోయింది. అయినా గోడలకేసి చూశాడు, ద్వారబంధం చూశాడు, అమ్మ నుదురు చూశాడు. తర్వాత మంచం మీద కూర్చున్న మా నాయనమ్మని అడిగాడు, "పెద్దమ్మా, మీరు ఏ దేవుడికి మొక్కుతారు?" అని.

మా నాయనమ్మ నిద్రలో ఒత్తిగిల్లినా "ప్రభువా" అనే మనిషి, అబద్ధం ఆడదు. అందరం ఊపిరి బిగబట్టాం. ఆమె కాసేపు ఆగి, "పోలేరమ్మ కొలుపులప్పుడు డప్పు కొట్టేది మావోళ్ళే గదయ్యా" అంది. అది నిజమే, పాస్టర్ గారు వద్దని ఎంత మొత్తుకున్నా ఊరి పెద్దలు కబురు పెడితే మావాళ్ళకి పోక తప్పేది కాదు. వీఆర్వో ఏదో రాసుకుని పోయాడు. వారంలో సర్టిఫికెట్ వచ్చింది, హిందూ మాదిగ అని.

ఆ తర్వాత మూడు ఆదివారాలు మా అమ్మ చర్చికి పోలేదు. ఏమ్మా అంటే, "పేతురు భయపడి యేసుని మూడుసార్లు ఎరుగనన్నాడు, కోడి కూసింది, పోయి ఏడ్చాడు. నేను ఆ రోజంతా ఎరుగననే అన్నా గదరా" అంది.

ఇప్పుడు చట్టం సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉంది, హిందూ మతం కాకుండా వేరే మతంలో ఉన్నవాడు షెడ్యూల్డ్ కులం కిందికి రాడని. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవంలో కులం లేదు కదా మరి మీకెందుకు అంటారు చూడండి, సిక్కు మతంలో కులం ఉందని గురువులు చెప్పారా, బుద్ధుడు చెప్పాడా? మతం ఒప్పుకోకపోయినా మనుషులు కులాన్ని వదల్లేదనే కదా వాళ్ళని కలిపింది, ఆ లెక్క మా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మారుతుందో నాకు ఇంతవరకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఎస్టీలకి ఈ మతం షరతే లేదు. మాలాంటివాళ్ళు నిజం చెప్తే బీసీ-సి అంటారు, అంటే వెనకబడిన తరగతుల్లో క్రైస్తవులైన ఎస్సీల గ్రూపు, అక్కడ ఉండేది 1 శాతం రిజర్వేషన్. కులం పేరు పెట్టి తిట్టినా కొట్టినా అట్రాసిటీ చట్టం కూడా వర్తించదు. 2025లో ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసుని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇదే కారణంతో కొట్టేసింది. అంతకుముందు 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవటం రాజ్యాంగాన్ని మోసం చేయటమే అంది. కోర్టులు ఉన్న రూలునే చదువుతాయి, ఆ రూలు రాసినవాళ్ళనీ డెబ్భై అయిదేళ్ళుగా దాన్ని కాపాడుతున్నవాళ్ళనీ నేను అడుగుతున్నా. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకి మతంతో ముడి తీసేయమంది. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ అని ఇంకోటి వేశారు. కమిషన్ మీద కమిషన్ వేసుకుంటా పోవటమే, మూడో పేరా మాత్రం అక్కడే ఉంది.

కారంచేడులో 1985లో దళితుల్ని నరికినప్పుడు, చుండూరులో 1991లో చంపి కాలవలో పారేసినప్పుడు ఎవడన్నా ఆగి నువ్వు గుడికి పోతావా చర్చికి పోతావా అని అడిగాడా? కొట్టేవాడికి మన మతంతో పని లేదు, సర్టిఫికెట్ ఇచ్చేవాడికే ఉంది.

మన ప్రభుత్వాలకి మతం పట్టదు, అందరూ సమానమే అంటారు గదా, అది ఒకసారి చూడండి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రజల సొమ్ముతో 5 కోట్లకి పైగా విలువైన బంగారు నగలు తిరుమల స్వామికి మొక్కు తీర్చింది. ఆంధ్రాలో 2019-24 మధ్య ఉన్న ప్రభుత్వం పాస్టర్లకి నెలకి 5,000 గౌరవవేతనం ఇచ్చింది. ప్రభుత్వ ఖర్చుతో ఇఫ్తార్ విందులు, క్రిస్మస్ విందులు, కేకు కోస్తా ఫొటోలు. నాకు స్వామి మీద కోపం లేదు, ఇఫ్తార్ మీదా లేదు. కానీ ఒక చేత్తో పాస్టర్‌కి డబ్బులిస్తా, ఇంకో చేత్తో ఆ పాస్టర్ ముందు చాప మీద కూర్చునే కూలిమనిషి ఇంటికి ఎంక్వయిరీ పంపిస్తే దాన్ని ఏమంటారు? మా మండలాఫీసులో అధికారి కుర్చీ వెనకాలే దేవుడి పటాలు, శుక్రవారం కొబ్బరికాయ, అక్కడ కూర్చునే మా గోడ మీద ఏ పటం ఉందో రాసుకుంటారు. రాజ్యాంగం 25వ అధికరణంలో అంతరాత్మ స్వేచ్ఛ అని ఉంది, 2017లో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, 2023లో తెలంగాణ హైకోర్టు మాకు కులమూ మతమూ వద్దు అన్న తల్లిదండ్రులకి బిడ్డ పుట్టిన సర్టిఫికెట్లో అట్లా రాసుకునే వీలు ఇవ్వమంది. ఇవన్నీ చదివి నేనూ సంతోషపడ్డా. మా అమ్మ నుదుటి దాకా మాత్రం ఏదీ రాలేదు.

ఇంకోటి, బియ్యం బస్తాకి మతం మారారనే మాట. మా జిల్లా సంగతే చెప్తా. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి కూలి పని పెట్టాడు. కూడు కోసం వచ్చారంటారని ఆ కరువు నడిచినన్నాళ్ళు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గి కరువు సాయం పంచటం అయిపోయాక 1878 జులై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. గుడి మెట్టెక్కనీయని ఊళ్ళో నువ్వు కూడా మనిషివే అన్నవాడి దగ్గరికి పోయారు, అంతే. దాన్ని బియ్యంతో తూచేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది.

మా చర్చిలు మాత్రం శుద్ధమా అంటే కాదు. మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు, రెడ్డి కమ్మ క్రైస్తవులు పెళ్ళి సంబంధాలకి మా వైపు చూడరు. ఒక రెడ్డి బాప్తిస్మం తీసుకుంటే రెడ్డిగానే ఉంటాడు, పొలం ఉంటది, పలుకుబడి ఉంటది, ఏమీ పోదు, ఏ వీఆర్వో వాళ్ళ గోడలు చూడటానికి రాడు. మతం మారితే మూల్యం కట్టాల్సింది మేమొక్కళ్ళమే. ఈ భయానికి మా పల్లెలో సగం మంది బాప్తిస్మం తీసుకుంటారు, సంఘం రిజిస్టర్లో పేరు మాత్రం రాయొద్దంటారు. మా నాన్నకి రేషన్ కార్డులో ఒక పేరు, సంఘంలో ఇంకో పేరు. ఆయన పోయినప్పుడు సమాధి రాయి మీద ఏ పేరు చెక్కించాలని ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకున్నాం.

నాకైతే ఇప్పుడు పెద్ద భక్తి లేదు, ఏ దేవుడి మీదా లేదు. ఆశ్చర్యం ఏంటంటే దేవుణ్ణి నమ్మనందుకు నా సర్టిఫికెట్‌కి ఏ ఢోకా లేదు, నమ్మినందుకు మా అమ్మకి ఉంది.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. జనాభా లెక్కలోళ్ళు వస్తారంట, ఈసారి అందరి కులం కూడా రాస్తారంట, "మతం అడిగితే ఏం చెప్పమంటావు నాయనా, ఈ వయసులో మళ్ళీ ఎరుగనని చెప్పలేను" అంది. నీకు ఏది నిజమో అదే చెప్పమ్మా అనబోయాను. మా తమ్ముడి కూతురు ఈ ఏడు ఇంటర్‌లో చేరింది, అది గుర్తొచ్చి, తర్వాత చేస్తానమ్మా అని ఫోన్ పెట్టేశాను. ఇంకా చేయలేదు.